తండ్రి పేరు, ఇంటి నంబరు

అల్ తుమామా, దోహా
5 సెప్టెంబరు 2025, శుక్రవారం

బామ్మర్ది సురేందర్‌కు,

ఫోన్ చేస్తే నా నోట రెండు మాటలకు మించి రావు. అందుకని కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. నువ్వు కూడా చేత్తోనే రాయి. ఈ సంగతి మీ అక్కకు తెలియనివ్వకు.

మా కంపెనీ ఇక్కడి స్టోరు మూసేస్తోంది. నవంబరు ఆఖరుకు నా ఐడి గడువు అయిపోతుంది. ఆలోగా వేరే కంపెనీ ఏదైనా పని ఇచ్చి నన్ను తమ పేర మార్చుకోకపోతే ఇంటికి రావాలి. నలభై నాలుగేళ్ళ మనిషిని మళ్ళీ ఎవరూ పిలవరు. బిడ్డ మాలతి నర్సింగు చదువు ఇంకా రెండేళ్ళుంది.

మదీనత్ ఖలీఫాలో ఒక బడిలో స్టోరు చూసుకునే పని ఉందంటే పోయిన నెల ఇంటర్వ్యూకు పోయాను. తీసుకున్నారు. మా కంపెనీలోనే పనిచేస్తూ నా గదిలోనే ఉండే మన ఊరి రాజేందర్‌ను కూడా అదే బడిలో తోట పనికి తీసుకున్నారు. ఆ రోజు ఇద్దరం బయట బిర్యానీ తిన్నాం. పని ఖాయమైందని మీ అక్కకు చెప్పాను. అది నా తొందరపాటు.

మంగళవారం బడి ఆఫీసులో మరీహా అనే ఆమె పిలిచింది. ఉర్దూలో మాట్లాడుతుంది, మర్యాదస్తురాలు. "జలంధర్ భాయ్, ఆప్ పర్ కేస్ హై" అంది. నా మీద కేసేమిటని నవ్వాను. ఆమె నవ్వలేదు. పిల్లలు తిరిగే చోటు కాబట్టి కొత్తగా చేరేవాళ్ళందరి వివరాలు ఒక ప్రైవేటు కంపెనీ చేత తనిఖీ చేయిస్తారట. ఆ కంపెనీ ఇచ్చిన రిపోర్టులో నా పేరు కింద ఎర్ర అక్షరాలున్నాయి. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం, దొమ్మీ, 2008.

ఎంబసీలో తీసుకున్న పోలీసు సర్టిఫికెట్ చూపించాను. నా మీద ఏ కేసూ లేదని దాంట్లో ఉంది. ఆమె చదివి తిరిగి ఇచ్చేసింది. "వో సర్కారీ హై, యే అలగ్ హై" అంది. సర్కారు కాగితం వేరట, ఇది వేరట. మరి ఆ కంపెనీకి ఈ సంగతి ఎవరు చెప్పారని అడిగాను. సర్కారు దగ్గరే కొంటారంది. నాకొక మాట ఇచ్చి వాళ్ళకొక మాట అమ్మారా అని అడగాలనుకున్నాను గాని అంత ఉర్దూ నాకు రాదు.

ఆ కేసు ఎత్తేసి పద్నాలుగేళ్ళయింది. నువ్వు కోర్టు పనిలోనే ఉన్నావు. ఇది వాళ్ళ చేతికి ఎట్లా పోయిందో, ఎట్లా తీయించాలో కనుక్కో. అక్టోబరు నెలాఖరు దాకా ఆగుతామని మరీహా చెప్పింది.

ఇక్కడ ఎండ ఇంకా దిగలేదు.

నీ బావ,
జలంధర్

*

కరీంనగర్
10 సెప్టెంబరు 2025

బావకు,

కలం పట్టి ఎన్నేళ్ళయిందో. అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటే నవ్వుకో, కోప్పడకు. అక్కను చేసుకున్న నాటి నుంచి నన్ను ఒక్క పనీ అడగని మనిషివి. అడక్క అడక్క ఇది అడిగావు.

గాబరా పడొద్దు. ఒకే పేరు మీద పదిమంది ఉంటారు. మన మండలంలోనే జలంధర్‌లు ముగ్గురున్నారని నాకు తెలుసు. అందులో ఎవరిదో నీకు తగిలి ఉండవచ్చు. ఆ రిపోర్టు ఫోటో తీసి పంపు. ముఖ్యంగా తండ్రి పేరు, ఇంటి నంబరు ఉండే గడులు నిండి ఉన్నాయో ఖాళీగా ఉన్నాయో చూడు. ఖాళీగా ఉంటే అది నువ్వేనని ఎవరూ రుజువు చేయలేరు. అప్పుడు పని తేలిక.

ఆదివారం మాలతి హాస్టలు నుంచి వచ్చింది. చికెన్ వండి పెడితే ఉప్పు ఎక్కువైందని చెప్పి మొత్తం తిన్నది. "మామా, కోర్టోళ్ళు నీకు పెండ్లికి గూడ సెలవియ్యరా" అని అడిగింది. "మీ నాయినస్తే అడిగి చేస్కుంట" అన్నాను. "అయితే నువ్వు ముసలోనివైతవు తియ్యి" అంది. బతుకమ్మకు ఊరికి పోతానంటోంది. అక్క ఇప్పటి నుంచే తంగేడు పూలు ఎవరు తెస్తారని నా ప్రాణం తీస్తోంది.

నువ్వు చెప్పినట్టే అక్కకు ఏమీ చెప్పలేదు.

సురేందర్

*

అల్ తుమామా
14 సెప్టెంబరు 2025

సురేందర్‌కు,

ఫోటో పంపాను. గడులు రెండూ నిండి ఉన్నాయి.

తండ్రి పేరు మా నాయినదే. ఇంటి నంబరు 2-17 అని ఉంది. అది పాత నంబరు. పంచాయతీ వాళ్ళు నంబర్లు మార్చి ఆరేళ్ళయింది. నా పాస్‌పోర్టులోనూ, ఇక్కడి కాగితాల్లోనూ కొత్త నంబరే ఉంది. ఆ పాత నంబరు మనవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తుండదు. ఇది సర్కారు రాసింది కాదు. తెలిసినవాడు చెప్తే రాసింది.

ఆ రోజు నీకు గుర్తుండే ఉంటుంది. సెలవులకు మా ఇంటికి వచ్చావు, పదిహేడేళ్ళు. కరెంటు లేక మక్కలు ఎండిపోతున్నాయని ఊరంతా సబ్‌స్టేషన్ మీదికి పోయింది. నువ్వూ పోయావు. నేను పోలేదు. బాయికాడ పసుపు ఉడకబెడుతున్నాను, ఆ పని మధ్యలో వదిలేది కాదు. మరునాడు పోలీసులు వచ్చి ఎవరు రాళ్ళు వేశారో అడగలేదు. మా వాడ ఓటరు జాబితా తెచ్చుకుని పై నుంచి వరుసగా ముప్పై ఒక్క పేర్లు రాసుకుని పోయారు. అప్పటికే చనిపోయి రెండేళ్ళయిన భూమవ్వ కూడా అందులో ఉంది. నీకు ఓటు లేదు, నీ పేరు రాలేదు. మూడేళ్ళకు ప్రభుత్వమే కేసు వెనక్కి తీసుకుంది. నేను మరుసటి ఏడాది ఇక్కడికి వచ్చాను. నిన్నెప్పుడూ ఏమీ అనలేదు, ఇప్పుడూ అనడం లేదు. జరిగింది రాస్తున్నాను, అంతే.

రాజేందర్ పేరు కూడా ఆ ముప్పై ఒకటిలో ఉంది. మాకు నాలుగిళ్ళ అవతలే వాళ్ళ ఇల్లు. అదే బడి, అదే కంపెనీ తనిఖీ. అతని రిపోర్టు పచ్చగా వచ్చింది, ఏమీ లేదని. నాకు మాత్రం పాత ఇంటి నంబరుతో సహా వచ్చింది. దోహాలో ఆ నంబరు తెలిసినవాడు అతనొక్కడే.

పోయిన నెల స్టోరు పని, తోట పని రెండిట్లో నీకేది కావాలని బడివాళ్ళు అతన్ని అడిగితే స్టోరే కావాలన్నాడు. సంతకం పెట్టడం తప్ప చదవడం, రాయడం రాదు కాబట్టి ఇవ్వలేదు. నేను తప్పుకుంటే ఆ పని తనకొస్తుందని అనుకున్నాడేమో తెలియదు.

జలంధర్

*

కరీంనగర్
23 సెప్టెంబరు 2025

బావకు నమస్తే.

నీ ఉత్తరం చూసి తొమ్మిది రోజులు ఏమీ రాయలేకపోయాను. పని ఎక్కువైంది. ఇక్కడ వానలు పడుతున్నాయి, కోర్టు రికార్డు గదిలోకి నీళ్ళొచ్చి కట్టలన్నీ బయట ఆరబెట్టారు.

రాజేందర్ సంగతి నేనేం చెప్పగలను. మనిషి మనసులో ఏముందో ఎవరికి తెలుసు. అవునని అనను, కాదని అనను. నువ్వు మాత్రం తగాదా పెట్టుకోకు.

ఒక మంచి పని జరిగింది. ప్రభుత్వం కేసు వెనక్కి తీసుకున్నప్పుడు కోర్టు ఇచ్చిన ఉత్తర్వు నకలు తీయించాను. గుండ్రటి ముద్ర వేసి, సంతకం చేసి ఇచ్చారు. మూడు పేజీలు. రెండో పేజీలో ముప్పై ఒక్క పేర్లు వరుసగా ఉన్నాయి, మూడో పేజీలో అందరినీ విడుదల చేసినట్టు ఉంది. తనిఖీ కంపెనీ వెబ్‌సైటులో రిపోర్టు తప్పని ఫిర్యాదు చేసే చోటు ఉంటుంది. అక్కడ ఈ నకలు పెట్టించు. ఇంతకంటే గట్టి కాగితం లేదు.

అక్క బతుకమ్మ పెద్దగా పేర్చింది. ఫోటో పంపానంది, చూశావా. నువ్వు ఏమీ అనలేదని అలిగింది. బాగుందని ఒక ముక్క పెట్టు.

సురేందర్

*

అల్ తుమామా
3 అక్టోబరు 2025, శుక్రవారం

సురేందర్‌కు,

నకలు అందింది. బాగుందని మీ అక్కకు రాశాను.

ఈ రోజు సెలవు కాబట్టి ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో బుర్హానుద్దీన్ దుకాణానికి పోయాను. అరబ్బీ, ఇంగ్లీషు ఫారాలు నింపి ఇస్తాడు. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, తెలుగు కలిపి మాట్లాడుతాడు. తనిఖీ కంపెనీ ఫారం తీసి నకలు మూడు పేజీలూ ఎక్కించాడు. తర్వాత ఒక చోట ఆగిపోయాడు.

"నీతోటి కేసుల ఉన్నోళ్ళు ఎవరని అడుగుతుంది భాయ్. కనీసం ఒకరి తండ్రి పేరు, ఇంటి నంబరు రాయాల్నంట. సాక్షం కోసం" అన్నాడు.

"వదిలెయ్" అన్నాను.

"ఖాళీ ఇడిస్తే ఫారం ముందుకు పోతలేదు. చూడు." మీట నొక్కి చూపించాడు. ఎర్ర గీత వచ్చింది. "యల్లా భాయ్, జల్దీ ఎవరిదో ఒకరిది చెప్పు, బయట లైన్ ఉంది."

నేను రాజేందర్ వివరాలు చెప్పాను. తండ్రి పేరు, ఇంటి నంబరు 2-21. బుర్హానుద్దీన్ కొట్టాడు. ఫారం ముందుకు పోయింది.

వేరేవాళ్ళవి కూడా తెలుసు నాకు. చనిపోయిన భూమవ్వది చెప్పినా సరిపోయేది. నేను అతనిదే చెప్పాను. ఎందుకో నీకు తెలుసు.

పోయిన వారం రాజేందర్ బడిలో యూనిఫాం కొలతలు ఇచ్చి వచ్చాడు. "అన్నా, నీది గూడ ఎల్ సైజే గద, రాయిచ్చి అచ్చిన. నీ పని గూడ అయితది, చూడు" అన్నాడు. "నా సైజు నీకెందుకురా, నా ఇంటి నంబరు చాలలేదా" అన్నాను. అర్థం కాలేదు అతనికి. అర్థం కానట్టు చేశాడనుకున్నాను. గదిలో మిగతావాళ్ళు చూస్తున్నారు. అప్పటి నుంచి అతనితో మాట లేదు. అన్నం కూడా వేరే వండుకుంటున్నాను.

పది రోజుల్లో జవాబు వస్తుందని ఫారంలో ఉంది.

జలంధర్

*

కరీంనగర్
4 అక్టోబరు 2025

బావా,

నీ ఉత్తరం పొద్దున్నే చూశాను. వెంటనే రాస్తున్నాను. మొత్తం చదివిన తర్వాతే నన్ను తిట్టు.

రాజేందర్ ఏమీ చేయలేదు. ఆ వరుస నింపింది నేను.

నేను కోర్టు ఉద్యోగిని కాదు. మూడేళ్ళుగా మీరందరూ అట్లా అనుకుంటున్నారు, నేను కాదనలేదు. సంబంధాలు చూసేవాళ్ళకు అక్క అదే చెబుతోంది. నేను పనిచేసేది హైదరాబాద్‌లోని ఒక డేటా కంపెనీకి. ఓటరు జాబితాలు, కోర్టు జాబితాలు, రిజిస్ట్రేషన్ల వివరాలు ఆఫీసుల నుంచి మొత్తంగా తీసుకుంటారు. కొన్ని డబ్బు కట్టి, కొన్ని అనుమతి పత్రంతో. వాటిని కలిపి బ్యాంకులకు, తనిఖీ కంపెనీలకు అమ్ముతారు. వాళ్ళు నీ బడిలాంటి వాళ్ళకు అమ్ముతారు. కంప్యూటర్లోకి ఎక్కని పాత కోర్టు రిజిస్టర్లు ఉంటాయి. అనుమతి పత్రం పట్టుకుని పోయి వాటిని చూసి రాసుకొచ్చే పని నాది. అందుకే రోజూ కోర్టులో ఉంటాను.

రెండేళ్ళ కిందట మన కోర్టు 2008 రిజిస్టరు నా వంతుకు వచ్చింది. రిజిస్టరులో పేర్లే ఉంటాయి. తండ్రి పేర్లు, ఇంటి నంబర్లు ఉండవు. మా ఫారంలో ఆ గడులు ఉన్నాయి. ఖాళీగా ఉన్న వరుసకు సగమే కట్టిస్తారు, దాన్ని ఎవరూ కొనరు కాబట్టి. నింపిన వరుస తక్కువైతే సూపర్‌వైజరు గంగాప్రసాద్ అందరి ముందూ అంటాడు. ఆ వారం నాకు నిండిన వరుస ఒక్కటీ లేదు. నీ పేరు వచ్చింది. నాకు అన్నీ తెలుసు. చిన్నప్పుడు అక్కకు ఉత్తరాలు రాసి కవరు మీద 2-17 అని వేసినవాణ్ణి నేనే. నింపాను. మిగతా ముప్పై మందివి ఖాళీగా వదిలేశాను. రాజేందర్ రిపోర్టు పచ్చగా రావడానికి కారణం అదే. అతనెవరో అందులో తెలియదు.

ఒట్టు వేసి చెబుతున్నాను, ఆ వరుస నింపుతున్నప్పుడు నాకు సంతోషం వేసింది. వారమంతా రాసినవి ఎవరెవరో అనామకుల పేర్లు. ఇదొక్కటి మనవాళ్ళది, సంపూర్ణంగా ఉంది అనుకున్నాను. దీన్ని ఎక్కడో ఒకరు చదువుతారని, చదివి నీ ముందు పెడతారని నాకు తట్టలేదు. కేసు ఏమైందో రాయడానికి మా ఫారంలో గడి లేదు. నేను అడగలేదు.

నీ మొదటి ఉత్తరం చూడగానే భయం పట్టుకుంది. రిపోర్టు ఫోటో వచ్చాక ఖాయమైంది. నువ్వు రాజేందర్‌ను అనుమానిస్తే నోరు మూసుకున్నాను. కాదని ఒక్క మాట రాసి ఉంటే నువ్వు నిన్న అతని నంబరు చెప్పేవాడివి కాదు.

ఆ ఫారం వెనక్కి తీసుకునే వీలుందేమో బుర్హానుద్దీన్‌ను అడుగు. ఇవాళే పో.

సురేందర్

*

అల్ తుమామా
21 అక్టోబరు 2025

సురేందర్‌కు,

నీ ఉత్తరం వచ్చి పదిహేడు రోజులైంది. మీ అక్క రెండుసార్లు ఫోన్ చేసింది. "తమ్ముడు అన్నం తింటలేడు, మీ ఇద్దరికేమన్న అయిందా" అని అడిగింది. ఏమీ లేదన్నాను. దీపావళికి ఊరికి పోలేదట నువ్వు. పోయి ఉండాల్సింది.

ఫారం వెనక్కి రాదు. పంపిన తర్వాత చూడడమే గాని దిద్దడం లేదని బుర్హానుద్దీన్ చెప్పాడు. నా ముఖం చూసి డబ్బులు తీసుకోలేదు.

పదిహేనో తేదీన జవాబు వచ్చింది. మరీహా చదివి చెప్పింది. నేను పెట్టిన కోర్టు నకలు వల్ల కేసు ఉన్నట్టు రుజువైందట. ఇంతకు ముందు ధ్రువీకరించాలి అని ఉన్న చోట ఇప్పుడు ధ్రువీకరించబడింది అని ఉంది. మూడో పేజీ చూశారా, విడుదల చేసినట్టు ఉంది కదా అని అడిగాను. "భాయ్, జజ్‌మెంట్ కా కాలమ్ నహీఁ హై" అంది. తీర్పుకు గడి లేదు. నువ్వు రాసింది అప్పుడు అర్థమైంది.

నా ఆఫర్ రద్దు చేశారు. మరీహా టీ ఇప్పిస్తానంది, వద్దన్నాను.

నిన్న రాజేందర్‌ను పిలిచారు. ఒకటో తేదీ చేరాల్సినవాడు. అతని రిపోర్టు మళ్ళీ తీశారట. ఎర్ర అక్షరాలు వచ్చాయి. తండ్రి పేరు, 2-21.

అతను గదికి వచ్చి యూనిఫాం కవరు మంచం మీద పెట్టాడు. నాతో మాట లేదు కదా, గోడతో చెప్పినట్టు చెప్పాడు. "నాది గూడ పోయింది." తర్వాత నా దిక్కు తిరిగాడు. "అన్నా, నీ బాధ గిప్పుడు తెలుస్తుంది నాకు. గందుకే నా మీద గుర్రుమన్నవు. నేనేం మనసుల పెట్టుకోలే."

ఆ నంబరు ఇచ్చింది నేనేనని చెప్పలేదు. నిన్న రాత్రి నుంచి మళ్ళీ కలిసి వండుకుంటున్నాం.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. నువ్వు గడి నింపావు, నేనూ గడి నింపాను. నువ్వు తెలియక చేశావు. నేను తెలిసి చేశాను. ఆ రెండు వరుసలు, నాది, రాజేందర్‌ది, మీ కంపెనీ తీసేయగలదా. అదొక్కటి కనుక్కో. రాజేందర్‌ది ముందు తీయించు.

జలంధర్

*

హైదరాబాద్
31 అక్టోబరు 2025

బావా,

గంగాప్రసాద్ దగ్గరికి పోయి మొత్తం చెప్పాను. పక్క గదిలోకి తీసుకుపోయి తలుపు వేశాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"మీ బావదా" అన్నాడు. అవునన్నాను. "తప్పు రాసినవా?" లేదు, ఒప్పే రాశాను అన్నాను. "మరింకేంది బాధ? ఒప్పు రాసినదాన్ని నేనెట్ల తీస్త?" అన్నాడు.

కేసు కొట్టేశారు కదా అన్నాను. "కొట్టేసిర్రు. కేసు అయితే ఉండె గద. ఉన్నదని రాసినం. లేనిది రాయలే." సరే, మన ఫైల్లో తీసేయండి అన్నాను. నా ముందే తీశాడు. రెండు వరుసలూ, నీది, రాజేందర్‌ది. నేను కళ్ళారా చూశాను. నా ప్రాణం లేచి వచ్చింది. అప్పుడు చెప్పాడు. "ఇది మన దగ్గరున్నది సురేందర్. రెండేండ్ల సంది పద్దెనిమిది మంది కొన్నరు. వాళ్ళు ఇంకెందరికి అమ్మిర్రో నాకెర్కలేదు. అమ్మిన సరుకు మనది కాదు."

వాళ్ళ పేర్లు అడిగాను. అవి రహస్యమట. బావా, నీ పేరు రహస్యం కాదు, కొన్నవాళ్ళ పేర్లు రహస్యం.

ఇంకొకటి చెప్పాలి. చెప్పకుండా ఉండాలనుకున్నాను గాని, చెప్పకపోవడం వల్ల జరిగింది చాలు. నువ్వు పెట్టిన నకలు తనిఖీ కంపెనీ నుంచి మాకే వచ్చింది. కొత్త సరుకు దొరికిందని పంపారు. ముప్పై ఒక్క పేర్లు. నీ నంబరు 2-17, రాజేందర్ 2-21. నా పక్క సీటు మనిషి ఈ రెండూ చూసి, ఇవి ఇంటి వరుసలో ఉన్నాయని కనిపెట్టాడు. ఆ ఏటి ఓటరు జాబితా మా దగ్గర ఉంది. పక్కన పెట్టుకున్నాడు. పోలీసులు దాన్ని చూసే రాశారు కదా, అదే వరుస. ఒక్క నంబరుతో తేలనిది రెండు నంబర్లతో తేలింది. మధ్యాహ్నం లోపల ముప్పై ఒక్క వరుసలూ నిండిపోయాయి. భూమవ్వది కూడా నింపాడు. గంగాప్రసాద్ వాణ్ణి మెచ్చుకుని సమోసాలు తెప్పించాడు.

అవి తీయమని నేను అడిగేసరికే అమ్ముడుపోయాయి. ఆ ముప్పై ఒకరిలో కువైట్‌లో నలుగురు, దుబాయ్‌లో ఇద్దరు, ముంబైలో ఒకడు ఉన్నారు. మిగతావాళ్ళ పిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారో లెక్క వేయలేదు.

నేను ఆ పని మానేశాను. మానేస్తే ఏమీ మారదని తెలుసు. నా కుర్చీలో రేపు ఇంకొకడు కూర్చుంటాడు. వకీలును కలిశాను. కొన్నవాళ్ళెవరో తెలిస్తే ఒక్కొక్కరికీ నోటీసు పంపవచ్చన్నాడు. తెలియకపోతే ఎవరికని పంపుతాం అన్నాడు.

అక్కకు నేనే చెబుతాను. నువ్వు వచ్చేలోగా చెబుతాను.

సురేందర్

*

అల్ తుమామా
14 నవంబరు 2025, శుక్రవారం

సురేందర్‌కు,

మీ అక్క ఫోన్ చేసింది. నువ్వు చెప్పావట. టికెట్ ఎప్పటికని అడిగింది. తర్వాత "ఇంటికి రా" అంది. నీ మీద కోపం పెట్టుకోవద్దని చెప్పాను. "కోపమెక్కడిది, వాన్ని చూస్తె ఏడుపస్తుంది" అంది. మాలతి చదువు మాన్పించే మాట ఎత్తొద్దన్నాను. అప్పుడు ఫోను మాలతికిచ్చింది. "నాయినా, మా కాలేజీల గూడ మొన్న గసొంటి ఫారమే నింపిచ్చిర్రు" అంది. తండ్రి వివరాలు రాశావా అని అడిగాను. అన్నీ రాసిందట. తప్పుల్లేకుండా రాశానని చెప్పింది.

టికెట్ ఇరవై ఆరుకు ఇచ్చారు. మధ్యలో ఇంకో రెండు చోట్లకు పోయాను. ఒక చోట గోదాము, ఒక చోట ఆసుపత్రి లాండ్రీ. గోదాము వాళ్ళు రిపోర్టు తెరిచి మాఫీ అన్నారు, అరబ్బీలో లేదని. లాండ్రీ వాళ్ళు ఆ మాట కూడా అనలేదు.

రాజేందర్ కూడా ఇరవై ఆరుకే వస్తున్నాడు. "ఇద్దరం ఒక్క ఇమానంల పోతం, కిటికీ సీటు నాకే" అని నవ్వుతున్నాడు. పొద్దంతా నవ్వుతూనే ఉంటాడు, అన్నం మాత్రం సగం పళ్ళెంలోనే వదిలేస్తున్నాడు. కువైట్ నుంచి వాళ్ళ చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడట, వానికి కూడా రిపోర్టు ఎర్రగా వచ్చిందని. ఊళ్ళో ఎవడో కావాలని చేశాడని అనుకుంటున్నారు. ఎవరై ఉంటారని నన్నే అడిగాడు. నాకు తెలియదన్నాను.

నీది కోర్టు పని అనే అతనికి తెలుసు, మానేసిన సంగతి తెలియదు. ఇందాక నేను ఈ కాగితం తీయగానే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మీ బామ్మర్దికేనా అన్నా?"

అవునన్నాను.

"కోర్టుల ఉంటడు గద. నాది గూడ జెర సూడుమని రాయి. పేరు ఒక్కటైతే దొరుకది, పూరా వివరాలు రాయి. నేను చెప్త."

చెప్పడం మొదలుపెట్టాడు. తండ్రి పేరు, తల్లి పేరు, పాత ఇంటి నంబరు, కొత్త ఇంటి నంబరు, ఇద్దరు పిల్లల పేర్లు, వాళ్ళు చదివే బడి. నేను తొందరపడతానేమో అని ఒక్కొక్కటీ ఆగి ఆగి చెప్పాడు. అతను చెబుతున్నంతసేపూ నేను రాసింది ఈ పై నాలుగు ముక్కలే. అతనికి చదవడం రాదు, కలం కదులుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

"అన్నీ రాసినవా?"

"రాసిన" అన్నాను.

"ఒక్కటి గూడ ఇడువొద్దే అన్నా" అన్నాడు.

అతను చెప్పినవేవీ ఈ కాగితం మీద లేవు. ఇప్పుడు ఫోటో తీస్తాను. ఫ్యాను గాలికి ఎగురుతుందని అతనే పట్టుకుంటానన్నాడు. అంచున కనిపించే వేళ్ళు రాజేందర్‌వి.

జలంధర్